మన పిల్లల సీటు బేరగాని చేతుల పెట్టొద్దు

ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండో నాడే మన వాడలకు మోటారు సైకిళ్లు వస్తయి. కోడేరు మండలంలో ఏ ఊరి మాదిగవాడకు పోయి అడిగినా, మాలవాడకు పోయి అడిగినా ఈ మాట చెప్తరు. వచ్చేటోళ్లు చుట్టాలు కాదు, పక్కాలు కాదు. ప్రైవేటు డిగ్రీ కళాశాలలు తోలిచ్చిన మనుషులు. వాళ్లను వాళ్లు పీఆర్వోలు అనుకుంటరు, మేము బేరగాళ్లంటం. చేతుల రంగురంగుల కాగితాలు, నోట్ల తియ్యటి మాటలు. "అవ్వా, నీ బిడ్డకు రూపాయి ఖర్చు లేదు. బస్సు మాదే, బుక్కులు మావే. ఆధార్ కార్డు, మెమో ఇయ్యి, మిగతాది మేం చూసుకుంటం" అంటరు. ఏడాది పొడుగునా మన వాడ దిక్కు తల తిప్పనోళ్లు ఆ పది దినాలు మన అరుగుల మీద కూసుంటరు, మన ఇండ్ల చాయ్ తాగుతరు. ఇంతలనే అంటరానితనం పోయిందని ఎవరూ సంబురపడొద్దు. ఆ ప్రేమంతా మన పిల్ల పేరు మీద ప్రభుత్వం కట్టే ఫీజు మీద ఉన్నది.

మా దగ్గరికి వచ్చిన ఒక బిడ్డ సంగతి చెప్తం. ఊరి పేరు, మనిషి పేరు రాయం. గురుకులంల పది పాసైంది, ఇంటర్ల బైపీసీ చదివింది, మంచి మార్కులే తెచ్చుకున్నది. బీఎస్సీ చదివి, బీఈడీ చేసి సైన్సు టీచరు కావాలని ఆమె ఆశ. తల్లిదండ్రులు పాలమూరు బిడ్డలందరి లెక్కనే బొంబాయిల బిల్డింగు పనికి పోయినోళ్లు. ఇంటికాడ ముసలి నాయనమ్మ, ఈ పిల్ల. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు తండ్రిది. ఆ ఫోను బొంబాయి అడ్డా మీద ఉన్నది. బేరగాడు తండ్రికి ఫోను చేసిండు: "నీ బిడ్డ సీటుకు నంబరు వస్తది, చెప్పు." ఆ తండ్రి ఇటుకలు దించి, చేతులు తుడుచుకొని, కూడబలుక్కుంటా ఆరంకెలు చదివి చెప్పిండు. సర్కారు మనిషే అడిగిండు అనుకున్నడు. ఇక్కడ బిడ్డకు తెల్వకుండనే ఆప్షన్లు పడ్డయి. పై నుంచి కింది దాక ఒక్కటే కళాశాల. బైపీసీ చదివిన పిల్లకు రెండు బస్సులు మారితే గాని అందని పట్నంల బీకాం సీటు వచ్చింది. ఏడుసుకుంట మా దగ్గరికి వచ్చేసరికి విడతలన్నీ అయిపోయినయి.

"ఏమైంది సారూ, ఒక్క ఏడాదే గదా" అని కొందరు పెద్దమనుషులు అన్నరు. ఒక్క ఏడాదంటే ఆ బిడ్డకు ఏమిటో మన వాడల ఉన్నోళ్లకు ఎరుకే. ఆడపిల్ల ఇంట్ల ఖాళీగ ఉన్నదంటే నెల తిరగకముందే సంబంధాలొస్తయి. మగపిల్లగాడైతే సంచి సర్దుకొని తండ్రి వెంట బొంబాయి బండెక్కుతడు. మన దగ్గర ఏడాది పోవుడంటే చదువే పోవుడు. సీటు పొరపాటును సరిచేసుకునే ఆస్తి, వెనకేసుకొచ్చే మేనమామ, ఇంకో కళాశాలల డబ్బు కట్టి చేర్పించే తాహతు అగ్రకులపోనికి ఉంటయి. మన పిల్లకు ఉన్నది ఆ ఒక్క సీటే.

ఇక ఈ పద్ధతి ఏందో చూద్దాం. తెలంగాణల డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నయి. విశ్వవిద్యాలయాల కింద ఉన్న డిగ్రీ కళాశాలలు చాలా మటుకు అందులకే వచ్చినయి. కోర్టుకు పోయి బయట ఉన్నవి కొన్ని. పద్ధతి మంచిదే. కళాశాల కళాశాల తిరిగి, ప్రతి కౌంటరు దగ్గర నిలబడి, ప్రతిచోటా అప్లికేషను కొనే బాధ తప్పింది. ఎవని మార్కులు ఎన్ని, ఎవనికి ఏ సీటు అనేది కంప్యూటరు తేలుస్తది. ప్రిన్సిపాల్ గదిల కులం అడిగి ముఖం ముడుచుకునే రోజులు కొంత తగ్గినయి. మొదటి విడతల రిజిస్ట్రేషను ఫీజు 200 రూపాయలు. ఆలస్యం చేస్తే తర్వాతి విడతలల 400. పిల్లలు తమకు కావాల్సిన కళాశాలలు, కోర్సులు వరుసగా పెట్టుకోవాలె. ఆ వరుసే ప్రాణం. సీటు వచ్చినంక గడువు లోపట ఆన్‌లైన్‌ల 'సెల్ఫ్ రిపోర్టింగ్' చెయ్యాలె. చెయ్యకుంటే వచ్చిన సీటు పోతది. ఆ తర్వాత కళాశాలకు పోయి సర్టిఫికెట్లు చూపాలె. ఇదంతా తెలిసినోనికి అరగంట పని. తెల్వనోనికి ఆ అరగంటనే బేరగాని దుకాణం.

ఇంకో లెక్క చూడాలె. దోస్త్‌ల ఉన్న సీట్లలో సగానికి దగ్గర ఏటా ఖాళీగనే ఉంటున్నయి. అంటే డిగ్రీ సీటుకు కరువు లేదు. కరువు ఉన్నది మంచి కళాశాలకు, పాఠం చెప్పే లెక్చరరుకు, పనిచేసే ప్రయోగశాలకు. పిల్లలు దొరకక కళాశాలలే మన వాడలల తిరుగుతున్నయి. అవసరం వాళ్లది. బతిలాడేటట్టు మాత్రం మనల్ని చేస్తున్నరు. "ఈ కళాశాల గాకుంటే నీకు సీటే రాదు" అని భయపెడుతున్నరు. ఈ అబద్ధం ముందు వాడ వాడకు తెలిసిపోవాలె.

మా సంగతి కూడ దాచుకోం. మేము డిగ్రీల చేరింది 1990ల చివర. మా ఇంట్ల అప్పటిదాక పది దాటినోడు లేడు. మా నాయిన పటేలు ఇంట్ల జీతం ఉన్నడు. కళాశాల కౌంటరు కాడ గుమాస్తా "ఏ గ్రూపు?" అని అడిగితే మాకు సమజ్ గాలే. మా ముందు నిలబడ్డ పిల్లగాడు ఏది చెప్పిండో మేమూ అదే చెప్పినం. మా మూడేండ్ల చదువు, మా బతుకు ఆ వరుసల మా ముందు ఎవడు నిలబడ్డడు అన్నదాని మీద తేలింది. ఇంకొకడు ముందున్నడంటే ఇంకోటి చదివి ఉందుము. ఎట్లనో ఈదినం, టీచర్లమైనం. మాతోటి చేరి, సమజ్ గాని సబ్జెక్టుల పడి, మొదటి ఏడాదే మానేసి మళ్ల మట్టి పనికి పోయినోళ్ల ముఖాలు ఇప్పటికీ యాదికొస్తయి. వాళ్లకు తెలివి తక్కువై కాదు. చెప్పేటోడు లేకనే. ఇరవై ఐదేండ్లు దాటినంక కూడ మన పిల్లలు అదే వరుసల నిలబడ్డరు. అప్పుడు ముందు నిలబడ్డది ఒక పిల్లగాడు, ఇప్పుడు బేరగాడు. అంతే తేడా.

ఈ చదువు ఎవడో దయతలిచి పెట్టింది గాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913ల బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయిండు. అక్కడ సులువుగా పాసయ్యే చదువు వెతుక్కోలేదు. ఈ దేశంల డబ్బు ఎటు పోతున్నది, కులం ఎట్ల నిలబడ్డది అనే ప్రశ్నలకు జవాబు దొరికే అర్థశాస్త్రం, సమాజశాస్త్రం చదివిండు. లండన్‌ల చదువు నడుమనే స్కాలర్‌షిప్ ఆగిపోయింది. 1917ల సగం చదువుతోనే తిరిగొచ్చిండు. వచ్చేముందు ఏం చేసిండో మన పిల్లలు తెలుసుకోవాలె. నాలుగేండ్ల లోపట వచ్చి చదువు పూర్తి చేసుకునేటట్టు విశ్వవిద్యాలయం దగ్గర అనుమతి తీసుకున్నడు. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలల పాఠాలు చెప్పి పైస పైస కూడబెట్టి, స్నేహితుని దగ్గర అప్పు చేసి, గడువు దాటకముందే 1920ల మళ్ల లండన్ పోయిండు. అంత గొప్ప మేధావి గడువును లెక్కచెయ్యకుండ ఉంటే ఏమయ్యేది? వైస్రాయి కౌన్సిల్‌ల సభ్యునిగ ఉన్నప్పుడు ఆయన పట్టుబట్టినందుకే 1944ల షెడ్యూల్డు కులాల పిల్లలకు కేంద్రం స్కాలర్‌షిప్ మొదలైంది. ఇయ్యాల మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్నది దాని కొనసాగింపే. ఇక మన హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బళ్లు పెట్టిండు, బి.ఎస్. వెంకట్రావు నిజాం సర్కారుతోటి దళితుల చదువుకు కోటి రూపాయల నిధి పెట్టించిండు. ఈ పెద్దలు తెచ్చిన హక్కును ఒక బేరగాడు బస్సు పాసు చూపి కొనుక్కపోతుంటే చూస్త ఊరుకుందామా?

గడువు మాట ఎత్తినం గనుక ఇంకో సంగతి చెప్పాలె. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాల అతుల్ కుమార్ అనే దళిత పిల్లగాడు ఉన్నడు. తండ్రి రోజు కూలి. 2024ల అతుల్ ఐఐటీ ప్రవేశ పరీక్ష గెలిచి ధన్‌బాద్ ఐఐటీల ఎలక్ట్రికల్ ఇంజనీరింగు సీటు తెచ్చుకున్నడు. కట్టాల్సింది 17,500 రూపాయలు. గడువు జూన్ 24, సాయంత్రం 5 గంటలు. ఇంట్ల అంత డబ్బు లేదు. ఊరోళ్లు తలా ఇంత వేసి జమచేసేసరికి నాలుగు ముప్పావు దాటింది. కంప్యూటరు ముందు కూసున్నంక ఆ కొన్ని నిమిషాలు చాలలేదు. సీటు పోయింది. పిల్లగాడు కమిషన్లు తిరిగిండు, హైకోర్టులు తిరిగిండు, చివరికి సుప్రీంకోర్టుకు పోయిండు. 2024 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారం వాడి ఆ సీటు ఇప్పించింది. ఆ తీర్పు మనకు సంతోషమే. కానీ మన వాడల పిల్లలల ఎంతమంది ఢిల్లీ దాక పోగలరు? ఐఐటీ సీటు గనుక దేశమంత తెలిసింది. కోడేరు పిల్లకు పోయిన బీఎస్సీ సీటు ఏ పేపర్ల పడ్డది? మన పిల్లలకు పరీక్షల మార్కులు తక్కువై పోయే సీట్లకంటే కాగితం లేక, గడువు తెల్వక, వెయ్యి రూపాయలు చేతుల లేక పోయే సీట్లు మా కండ్ల ముందట ఎక్కువైనయి. దీన్ని 'మెరిట్' అని పిలుస్తున్నరు.

అందుకే కాగితాల మాట ముందు మాట్లాడుదాం. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవల అప్లికేషను పెడితే తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తయి. ఫలితాలు వచ్చినంక అందరూ ఒక్కసారే పోతరు, అప్పుడు ఆఫీసు చుట్టూ తిరుగుడే. ఫలితాలకు ముందే తెచ్చి పెట్టుకోవాలె. ఆదాయ పత్రం ఎప్పటిదో చూసుకోవాలె, పాతది పనికిరాదు. ఆధార్‌ల పేరు, పదో తరగతి మెమోల పేరు ఒక్క తీరుగ ఉన్నయా? ఒకదాంట్ల ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్ల వెనుక. ఒకదాంట్ల 'యాదమ్మ', ఇంకోదాంట్ల 'యాదమ'. ఈ ఒక్క అక్షరం మీద స్కాలర్‌షిప్పులు ఆగినయి. ఆధార్‌కు ఏ ఫోను నంబరు ఉన్నదో ఇప్పుడే చూసుకోవాలె. తండ్రి వలస పోతే ఆ నంబరు బొంబాయిల ఉంటది, పుణెల ఉంటది. పిల్ల చేతుల ఉన్న నంబరుకు మార్పించాలె. అది కాకుంటే మీసేవకు పోయి వేలిముద్ర వేసి రిజిస్ట్రేషను చెయ్యొచ్చు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలల దోస్త్ సహాయ కేంద్రాలున్నయి, అక్కడ అడగొచ్చు. పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలె, దానికి ఆధార్ కలిపి ఉండాలె. ఒరిజినల్ సర్టిఫికెట్లు సీటు రాకముందు ఎవ్వరికీ ఇయ్యొద్దు. ఓటీపీ అంటే మన ఇంటి తాళపుచెవి. సొంత మేనమామ అడిగినా ఎందుకని అడిగి చెప్పాలె.

స్కాలర్‌షిప్ సంగతి ఇంకా కొంత ఉన్నది. ఈ-పాస్‌ల దరఖాస్తు చెయ్యాలె. మన రాష్ట్రంల ఎస్సీ కుటుంబానికి ఏడాది ఆదాయం రెండు లక్షల లోపు ఉండాలె. ఒక్కసారి పెడితే మూడేండ్లు వస్తదనుకుంటరు, రాదు. ప్రతి ఏడూ రెన్యువల్ చెయ్యాలె. హాజరు 75 శాతం ఉండాలె. స్పాట్ అడ్మిషన్‌ల చేరినోనికి, మేనేజ్‌మెంటు కోటాల చేరినోనికి ఫీజు రీయింబర్స్‌మెంటు లేదు. "ముందు స్పాట్‌ల చేరు, తర్వాత స్కాలర్‌షిప్ చూద్దాం" అన్నోని మాట నమ్మితే ఫీజు మన మెడకే చుట్టుకుంటది. ఒక డిగ్రీ అయిపోయినంక మళ్ల అదే స్థాయి ఇంకో డిగ్రీ చదువుతనంటే స్కాలర్‌షిప్ ఇయ్యరు. అందుకనే మొదటిసారే ఆలోచించి చేరాలె.

ఇక ఏ చదువు? "బీకాం కంప్యూటర్స్ చెయ్యి, జాబు గ్యారంటీ" అనే పాట ఊరూరా ఉన్నది. బీకాం చెడ్డది గాదు. లెక్కలంటే ఇష్టమున్నోడు, అకౌంట్లు నేర్చుకొని నిలబడేటోడు చదవాలె. బేరగాని కళాశాలల అదొక్కటే నడుస్తున్నదని చదవొద్దు. బైపీసీ పిల్లలు బీఎస్సీ తీసుకునేముందు ఆ కళాశాలల ప్రయోగశాల ఉన్నదా, అండ్ల సామాను ఉన్నదా, చెప్పే మనిషి ఉన్నడా పోయి కండ్లతో చూడాలె. బైపీసీ వాళ్లకు ఈఏపీసెట్ ద్వార వ్యవసాయ డిగ్రీ, ఫార్మసీ కూడ ఉన్నయి. మన తాతలు దున్నిన భూమి గురించి పుస్తకం చదివి అధికారిగ రావొచ్చు. ఎంపీసీ పిల్లలు ఈఏపీసెట్ అంటే భయపడుతున్నరు. అండ్ల ఇతరులకు 25 శాతం మార్కుల అర్హత ఉన్నది, ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన లేదు. ఇంటర్‌ల గ్రూపు సబ్జెక్టులల 40 శాతం ఉంటే చాలు. కన్వీనర్ కోటాల సీటు వస్తే, ఆదాయ పరిమితి లోపల ఉన్న ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పని లేకుండ మొత్తం ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కట్టాలె. ఈ ముక్క తెల్వక ఎంతమంది పరీక్షనే రాయలే!

బీఏ అంటే మొఖం చిట్లించేటోళ్లకు మేము జవాబు చెప్తం. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం మన బతుకు చదువు. గ్రూపు పరీక్షలల అడిగేది అదే. బీఈడీ చేస్తే సోషల్ టీచరు. లాసెట్ రాస్తే మూడేండ్ల ఎల్ఎల్‌బీ. ఇంటర్ తర్వాతనే ఐదేండ్ల లా కూడ ఉన్నది. లాసెట్‌ల కూడ ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. 1985ల కారంచేడు, 1991ల చుండూరు జరిగిననాడు బొజ్జా తారకం లాంటి న్యాయవాదులు లేకుంటే మన గోస కోర్టు గడప ఎక్కేదా? మన మండలంల అట్రాసిటీ కేసు పడితే ఇయ్యాలటికీ వకీలు కోసం పట్నాలు తిరుగుతున్నం. ప్రతి మండలానికి మన వకీళ్లు కావాలె. వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడరు, ఈ ఏడాది ఇంటర్ పాసైన పిల్లలల నుంచే రావాలె.

పది పాసైనోళ్లకు పాలిసెట్ ఉన్నది. వనపర్తి రాజుగారి కోట ఇయ్యాల పాలిటెక్నిక్ కళాశాల. మన తాతలు ఆ గోడల లోపటికి వెట్టి చెయ్యనీకె పోయి ఉంటరు, మన పిల్లలు ఇంజనీరింగు డిప్లొమాకు పోవచ్చు. డిప్లొమా అయినంక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలకు పోతరు. పదిల మంచి మార్కులున్న పిల్లలు బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టాలె. ఆడపిల్లలకు 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలున్నయి, తిండి, ఉండుడు, చదువు అక్కడే. నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలను ఆప్షన్లల పైన పెట్టండి. అక్కడ కొరతలు లేవని మేము అనం. కానీ అక్కడ లెక్చరరు పరీక్ష రాసి, పోటీల నెగ్గి వచ్చినోడు, అడిగితే జవాబు చెప్పాల్సినోడు. దూరం ఉన్నోళ్లకు ఎస్సీ కళాశాల హాస్టళ్లున్నయి. కేంద్ర విశ్వవిద్యాలయాలకు పోదలుచుకున్నోళ్లు సీయూఈటీ రాయాలె. పనికి పోయి చదువు నడుమల విడిచిన తమ్ముళ్లకు, పెండ్లయిన చెల్లెండ్లకు 1982 నుంచి నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది, దాని పేరే అంబేద్కర్ పేరు.

2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంల ఎస్సీ వర్గీకరణ చట్టం అమలుల ఉన్నది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి, 15 శాతంల 1, 9, 5 శాతాలుగ పంచినరు. దీని మీద మాల, మాదిగ సంఘాల నడుమ ఉన్న వాదాలు అందరికి ఎరుకే, వాటిని ఈ పుటలల తేల్చబోవుట్లేదు. ఒక్క మాట మాత్రం అందరికీ చెప్తం. వాటా కాగితం మీదికి వచ్చింది. అది సీటుగ మారాలంటే పిల్ల దరఖాస్తు పెట్టాలె, తన గ్రూపు ఏదో తెలుసుకొని ధ్రువపత్రం సరిచూసుకోవాలె. మాదిగ పిల్ల సీటును మాల పిల్ల ఎత్తుకపోలే, మాల పిల్ల సీటును మాదిగ పిల్ల ఎత్తుకపోలే. దరఖాస్తే పెట్టని సీటు ఇద్దరికీ దక్కలే. డక్కలి, చిందు, మాస్టిన్ లాంటి చిన్న కులాలల ఇంటర్ దాక వచ్చిన పిల్ల ఒక్కతి ఉన్నా ఆ ఇంటికి ముందుగాల పోవాల్సిన బాధ్యత మనది.

మన తప్పులు చెప్పుకున్నం, ఇక ప్రభుత్వం తప్పు చెప్పాలె. 2011 జనాభా లెక్కలల పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తంల అందరికన్నా కింద. జిల్లాలు విడగొట్టినరు, 2022ల నాగర్‌కర్నూల్‌కు, వనపర్తికి, 2024ల గద్వాలకు మెడికల్ కళాశాలలు ఇచ్చినరు. మంచిదే. కళాశాల దగ్గరికొచ్చింది, కానీ దాంట్లకు పోయే తొవ్వ మన వాడ దాక పడలే. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు ఏండ్లకేండ్లు పేరుకున్నయి. 2025 నవంబరుల ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల యాజమాన్యాలు బకాయిల కోసం కళాశాలలే మూసిపెట్టినయి. సర్కారుకు, యాజమాన్యానికి నడుమ కొట్లాట, నలిగేది పిల్లలు. "సర్కారు డబ్బు ఇయ్యలే, నువ్వు కట్టు, అప్పటిదాక నీ మెమో, టీసీ ఇయ్యం" అని పిల్లల సర్టిఫికెట్లు పట్టుకునే కళాశాలలున్నయి. అప్పు సర్కారుది, కుదువ మన పిల్ల చదువు! హాస్టలు మెస్సు చార్జీలు 2024ల కళాశాల పిల్లలకు నెలకు 1,500 నుంచి 2,100 చేసినరు. అవి కూడ నెల నెలా అందితేనే కంచంల కూర పడేది.

మేము అడుగుతున్నది ఇది. ఫీజు బకాయిలు ఏ ఏడాదివి ఆ ఏడాదే చెల్లించాలె. బకాయి సాకుతోటి సర్టిఫికెట్లు ఆపిన కళాశాల మీద చర్య ఉండాలె. దోస్త్ నడిచినన్ని దినాలు ప్రతి మండల కేంద్రంల, కోడేరుల కూడ, ఒక సహాయ కేంద్రం పెట్టాలె. విద్యార్థికి తెల్వకుండ ఆప్షన్లు పెట్టినోని మీద కేసు పెట్టాలె. వలసపోయిన తల్లిదండ్రుల పిల్లలకు ఓటీపీ లేకుండ వేలిముద్రతో పని జరిగే వసతి మండలంలనే ఉచితంగ ఉండాలె. సీటు వచ్చి మొదటి ఫీజు కట్టలేని పిల్లకు గడువు దాటకముందే సాయం చేసే నిధి సంక్షేమ శాఖ దగ్గర ఉండాలె.

సర్కారు ఇచ్చేదాక కూసుందామా? మనం చెయ్యాల్సిన పని మన చేతులల ఉన్నది. కార్యకర్తలకు మా సూచనలు ఇవి.

ఒకటి. జనవరిలనే వాడల ఇంటర్ రెండో ఏడాది, పదో తరగతి చదువుతున్న పిల్లల పట్టిక రాయాలె. పేరు, గ్రూపు, తల్లిదండ్రులు ఎక్కడున్నరు, ఆధార్‌కు ఏ నంబరు ఉన్నది. ఒక నోటుబుక్కు చాలు.

రెండు. ఏప్రిల్ 14న దండలు వేసి, డప్పు కొట్టి, జెండా ఎగరేసినంక ఇంటికి పోవద్దు. అదే విగ్రహం కింద పట్టిక చదివి, ఎవరికి ఏ కాగితం తక్కువున్నదో తేల్చాలె. బాబాసాహెబ్‌కు అంతకన్నా పెద్ద దండ లేదు.

మూడు. వాడల డిగ్రీ చదివిన ప్రతి ఒక్కరు ఇద్దరు పిల్లల బాధ్యత తీసుకోవాలె. ఉద్యోగం రాంగనే పట్నంల ఇల్లు కట్టి వాడను మరిచిన ఉద్యోగస్తులకు కూడ ఈ మాట చెప్తున్నం. మీ సీటు ఈ వాడ పేరు మీద వచ్చింది, దాని అప్పు ఇంకా తీరలే.

నాలుగు. ఆప్షన్లు పెట్టేనాడు పిల్ల పక్కన మనోడు ఒకడు కూసోవాలె. ముందు పిల్లను అడగాలె: "బిడ్డా, నీకేం చదవాలనున్నది?" ఈ ప్రశ్న మన ఇండ్లల ఎప్పుడన్న అడిగినమా?

ఐదు. ఇంటికి వంద రూపాయలు జమచేసి సీటు నిధి పెట్టాలె. రిజిస్ట్రేషను ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు కిరాయి లేదని ఒక్క పిల్ల ఆగొద్దు. అతుల్ కుమార్ ఊరోళ్లు గడువు నాటి సాయంత్రం చేసిన పని మనం నెల ముందు చేద్దాం.

మొదట చెప్పిన బిడ్డ సంగతి అడుగుతరేమో. తల్లి బొంబాయి నుంచి వచ్చి, వచ్చిన సంబంధాన్ని వద్దని గట్టిగ నిలబడ్డది. ఏడాదంత ఆ పిల్ల పత్తి ఏరనీకె కూలికి పోయింది. మళ్లొచ్చిన ఏడు ఫోను నంబరు మార్పిచ్చుకొని, మా బడిల కూసొని, తన ఆప్షన్లు తనే పెట్టుకున్నది. ప్రభుత్వ కళాశాలల బీఎస్సీ సీటు వచ్చింది. పోయిన మాటు వాడకు బేరగాడు వస్తే ఆమె ముసలి నాయనమ్మ అరుగు మీది నుంచి అడిగిందట: "నాయినా, మీ కాలేజీల మా పిల్లకు పాఠం చెప్పే సారు పేరేంది?" వాడు జవాబు చెప్పకుండనే బండి మలుపుకున్నడు.

ఆ ప్రశ్న ప్రతి అరుగు మీద నుంచి వినపడాలె. చదువు, సమీకరించు, పోరాడు అనే మాట గోడలకు రాసుకున్నం. మొదటి మాట నుంచే మొదలుపెడదాం.

జై భీమ్!